4 బై 7 జాగల అటాచ్డ్ బాత్రూం: దర్వాజ ఎటు పెట్టాల్నో ఫస్టు తేల్చుకోండ్రి

నమస్తే అన్నలూ, అక్కలూ. మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు అడిగిండు, అన్నా ఇల్లు కడుతున్నం, బెడ్రూం పక్కకు 4 బై 7 ఫీట్ల జాగ మిగిలింది, అండ్ల కమోడు, బేసిను, తానం చేసే జాగ మూడూ పడతయా అని. పడతయి తమ్మీ, కాని మేస్త్రి చెప్పినట్టు పెడితే పడయి, ఎందుకో చెప్త.

ఫస్టు ఒక సంగతి. 4 బై 7 అన్నది ఇటుక గోడల కాడి లెక్క. దాని మీద ప్లాస్టరింగు, మళ్ల మాలు, మళ్ల టైలు, గోడకు ఇంచున్నర దాకా తింటది, రెండు దిక్కుల కలిపితే 3 ఇంచులు పాయె. ఇగ నీకు మిగిలేది 45 ఇంచుల వెడల్పు, 81 ఇంచుల పొడుగు, గంతే.

మనకాడ మేస్త్రీలు ఏం చేస్తరంటే 4 ఫీట్ల దిక్కు దర్వాజ పెట్టి, లోపల పొడుగు గోడ పొంటి బేసిను, కమోడు, షవరు రైలు డబ్బాల లెక్క వరుసగ పెట్టేస్తరు. చూడనీకి బానే ఉంటది గని కమోడు గోడ నుంచి 27, 28 ఇంచులు ముందుకొస్తది, 45ల 28 తీసెయ్యి, 17 ఇంచులు మిగిలె, కూసుంటే మోకాళ్లు ఎదురుగోడకు తాకుతయి. ముందట తక్కువల తక్కువ 21 ఇంచులు ఉండాలె, 24 ఉంటే పానం సుఖం. గోడకు వేలాడే కమోడు పెడితే జాగ కలిసొస్తది కదా అంటరు కొందరు, గని దాని ట్యాంకు గోడ లోపల దాగాలె, మన లోపలి గోడలేమో 4 ఇంచులవి, అండ్ల ట్యాంకు ఎట్ల పడతది? దాని ముందల ఇంకో చిన్న గోడ కట్టాలె, మిగిల్చిన ఇంచులు మళ్ల అండ్లనే పాయె, పైసలు కూడా పాయె.

నేనైతే ఏం చెప్తనంటే, వీలుంటే దర్వాజను 7 ఫీట్ల గోడ నడుమకు తీసుకరా. అప్పుడు లోపలికి రాంగనే ఎదురుగ చిన్న బేసిను, 12 ఇంచులకంటే ముందుకు రానిది, ఒక కొసకు కమోడు, ఇంకో కొసకు తానం. లెక్క చూడు, కమోడు 28, దాని ముందట 22, 50 అయిపాయె, 81ల 50 పోతే 31 ఇంచులు తానానికి, బకెటు పెట్టి పీట ఏసుకొని కూసున్నా సరిపోతది. కమోడు ముందటి జాగనే బేసిను కాడ నిలబడే జాగ, ఒకటే జాగ రెండు పనులకు, గదే దీని కిటుకు. తడి అంతా ఒక కొసకే ఉంటది, రాత్రి లేచి పోతే కాళ్లు తడువయి.

కమోడు కొస బయటి గోడ దిక్కు ఉండేటట్టు చూసుకో, 4 ఇంచుల పైపు సీదా బయటికి పోతది. వాస్తు చూసేటోళ్లయితే ఆ 7 ఫీట్లు ఉత్తరం దక్షిణంగ ఉంటే ఇంక పంచాదే లేదు, కూసున్నోని మొఖం ఉత్తరమో దక్షిణమో అయితది. ఇంకొకటి, కింది నుంచి పైపు పోయే కమోడుకు గోడ నుంచి పైపు నడిమి దాకా 9 ఇంచులు అంటరు సూడు, అది టైలు మీది నుంచి కొలవాలె, ఇటుక నుంచి కొలిస్తే టైలు ఏసినంక జాగ తక్కువైతది, గోడ అడ్డమొచ్చి కమోడు పైపు మీద కూసోదు, ఫ్లోరు మళ్ల పగలగొట్టుడే.

ఇగ తలుపు. నా సొంత ఇంట్ల నేనే తప్పు చేసిన, ఎవరినో అననీకి లేదు. తలుపు లోపలికి తెరుసుకునేటట్టు పెట్టిన, అది కమోడుకు తాకేది, మా నాయిన జర లావుగ ఉంటడు, లోపలికి పోయి, పక్కకు ఒరిగి, కడుపు గుంజుకొని తలుపు ఏసుకునేటోడు, మూడు నెలలు చూసి తలుపు బయటికి తిప్పిచ్చిన. పెద్దోళ్లున్న ఇంట్ల బయటికి తెరుసుకునుడే మంచిది, లోపల జారి పడితే తలుపుకు మనిషి అడ్డమైతడు, ఎట్ల నూకుతవు?

మన నీళ్ల సంగతి కూడా. నల్లగొండ దిక్కు బోరు నీళ్లు ఎట్లుంటయో మీకు నేను చెప్పాల్నా, నీళ్లల్ల ఫ్లోరైడు తీసే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని మన ఊరి పేరుంది. గని నల్లాల మీద తెల్లగ పేరుకునేది ఫ్లోరైడు కాదు, అది సున్నం. గందుకే అద్దం పార్టిషను జోలికి పోకు, నెల తిరగకుండనే తెల్ల మచ్చలు. దాని బదులు తానం జాగను ఒక ఇంచు కిందికి దించు, నీళ్లు ఇటు రావు. నల్లాను రెండు ఫీట్ల పైనే పెట్టు, లేకుంటే పెద్ద బకెటు కింద పట్టది.

జాలి తానం దిక్కు మూలకు, వాలు దానికే. కింద పెద్ద టైల్స్ ఎయ్యకు, వాలు సరిగ తిరగదు, 1 బై 1 గరుకువి చాలు. టైల్స్ ఏసే ముందల వాటర్ ప్రూఫింగ్ చేసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడు, కింద చెమ్మ దిగిందా లేదా అని. గీజరు తానం చేసేటోని నెత్తి మీద వద్దు, కమోడు దిక్కు పైకి పెట్టు, స్విచ్చు బయట.

తమ్మీ, పైపులు ఏసేకంటే ముందు సుద్దముక్కతోని ఇవన్నీ నేల మీద గీయి, టైలు లెక్క తీసేసి గీయి. కమోడు గీసిన కాడ ప్లాస్టిక్ కుర్చీ ఏసి మీ నాయినను కూసోమను, నువ్వు బేసిను కాడ వంగి మొఖం కడుక్కున్నట్టు చెయ్యి. ఏదన్నా తాకితే తడిగుడ్డతోని తుడిచి మళ్ల గీసుకో. గీసినంక ఫోటో పెట్టు, నేను చూస్త.