మొగామి తరగతి: కాగితం మీద 8,500 టన్నులు

మొగామి, మికుమా, సుజుయా, కుమానో. ఈ నాలుగు జపాన్ యుద్ధనౌకలూ పుట్టుకతో భారీ క్రూజర్లు కావు. దేశాల నౌకాదళాలకు హద్దులు పెట్టిన 1930 లండన్ ఒప్పందం ప్రకారం జపాన్‌కు 203 మి.మీ. ఫిరంగుల క్రూజర్లు, అంటే భారీ క్రూజర్లు, పన్నెండే ఉండాలి. ఆ లెక్క అప్పటికే నిండిపోయింది. ఇక మిగిలిన దారి 155 మి.మీ. ఫిరంగులతో 'తేలిక' క్రూజర్లు కట్టడం. ఆ కోటాలో మిగిలిన సుమారు 51 వేల టన్నులను ఆరు ఓడలకు (ఈ నాలుగూ, మరో రెండూ) పంచితే ఒక్కోదానికి వచ్చింది 8,500. ఆ అంకె ఓడ అవసరాన్ని చూసి పుట్టింది కాదు, భాగహారంలోంచి వచ్చింది. అసలు తప్పు అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆ బరువులో మూడేసి గొట్టాలున్న టరెట్లు (తిరిగే ఫిరంగి గూళ్లు) ఐదు, పన్నెండు టార్పిడో గొట్టాలు, 1,52,000 అశ్వశక్తి యంత్రాలు, 37 నాట్ల వేగం కావాలన్నారు. బరువు తగ్గించడానికి రివెట్లు మానేసి చాలాచోట్ల వెల్డింగ్ చేశారు. 1935 పరీక్షల్లో మొగామి ఓడ దేహం వంకర తిరిగింది. టరెట్ కింద ఉండే వలయం కాస్త వంగితే చాలు, దాని మీద తిరగాల్సిన టరెట్ బిగుసుకుపోతుంది. అదే జరిగింది. ఆ సెప్టెంబరులోనే తుపానులో రెండు డిస్ట్రాయర్ల ముక్కులు తెగిపోవడంతో, నౌకాదళం అన్ని ఓడల పటుత్వాన్నీ మళ్లీ తనిఖీ చేసింది. మొగామి తరగతి ఓడల దేహాన్ని బలపరిచి, పక్కలకు బల్జులు (ఉబ్బెత్తు అరలు) తగిలించారు. 18 మీటర్ల వెడల్పు 20 దాటింది, వేగం 35 నాట్లకు దిగింది.

ఒప్పందం నుంచి బయటపడ్డాక, 1939-40లో ఐదు టరెట్లూ విప్పి, 203 మి.మీ. జంట ఫిరంగులు పెట్టారు. పదిహేను 155 మి.మీ. గుండ్లు కలిపి 838 కిలోలు. పది 203 మి.మీ. గుండ్లు 1,258 కిలోలు. కానీ ఇక్కడ ఒక ఇరకాటం చూడండి. పాత గొట్టం పొడవు సుమారు 9.3 మీటర్లు, కొత్తది పది. రెండో టరెట్ నేరుగా ముందుకు తిరిగితే ఆ అదనపు డెబ్భై సెంటీమీటర్లు మొదటి టరెట్‌కు తగులుతాయి. అందుకే దాని గొట్టాలను 12 డిగ్రీలు పైకెత్తి ఉంచేవారు. ఈ ఓడల ఫొటోల్లో ముందు దాన్నే చూడండి, మార్పు తర్వాతి ఫొటోనో కాదో తెలిసిపోతుంది. విప్పిన టరెట్ల రకమే యమాతో, ముసాషీ అనే పెద్ద యుద్ధనౌకలకు రెండో శ్రేణి ఫిరంగులుగా వెళ్లింది.

1942 ఏప్రిల్ 6న విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన రోజు, ఈ నాలుగు క్రూజర్లూ అదే దాడిలో భాగంగా బంగాళాఖాతంలో వాణిజ్య నౌకలను ముంచుతున్నాయి.