రబ్బరు మీద చెక్కిన అచ్చులతో ఉగాది కార్డులు, గిఫ్టు ట్యాగులు

[దృశ్యం: తెల్ల రబ్బరు మీద సగం చెక్కిన మామిడికాయ. పక్కన కార్డు మీద దాని ముద్ర.]

వాయిస్: పెన్సిలు గీతలు చెరిపే మామూలు తెల్ల రబ్బరుతో ఈరోజు మూడు అచ్చులు చేద్దాం. మామిడికాయ, వేపపువ్వు, "ఉగాది" అన్న మాట. వాటితో కార్డులు, ట్యాగులు అద్దుదాం. ముద్ర మసకగా పడితే చాలామంది ముందు ఇంకును మారుస్తారు. తప్పు ఎక్కువగా ఉండేది మాత్రం చెక్కడంలో. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు రబ్బరు దగ్గరే ఉంటాం.

[దృశ్యం: బల్ల మీద సామాను, పై నుంచి.]

వాయిస్: రబ్బరు మెత్తగా, కొత్తగా ఉండాలి. ఏళ్లతరబడి డబ్బాలో పడున్నది గట్టిపడి, చెక్కుతుంటే పొడిపొడిగా రాలుతుంది. మామిడికాయకు, మాటకు రెండు పెద్ద రబ్బర్లు. వేపపువ్వుకు చిన్న ముక్క చాలు. లినో కట్టర్, అంటే అచ్చులు చెక్కే చిన్న ఉలి. అందులో వి ఆకారపు సన్న మొన ఒకటి, యు ఆకారపు వెడల్పు మొన ఒకటి. అంచులు కోయడానికి పేపర్ కట్టర్. ట్రేసింగ్ పేపర్, 2బి పెన్సిలు. అంతే.

కొత్త రబ్బరు పైన నున్నటి పొర ఉంటుంది. దాని మీద ఇంకు పరుచుకోకుండా బొట్లుబొట్లుగా నిలుస్తుంది. 400 నంబరు గరుకు కాగితంతో రెండు మూడుసార్లు తేలిగ్గా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆరాక మొదలుపెట్టండి.

[దృశ్యం: ట్రేసింగ్ పేపర్ మీద "ఉగాది". బోర్లించి గోరుతో రుద్దడం.]

వాయిస్: బొమ్మను ట్రేసింగ్ పేపర్ మీద ముదురుగా గీయండి. గీసిన వైపు రబ్బరుకు ఆనేలా బోర్లించి, గోరుతో రుద్దండి. బొమ్మ తిరగబడి రబ్బరు మీదకు దిగుతుంది, అద్దినప్పుడు మళ్లీ తిరిగి సరిగ్గా వస్తుంది. కార్బన్ పేపర్ వాడితే బొమ్మ తిరగబడదు. మామిడికాయకు పర్వాలేదు గానీ మాట మొత్తం ఎడమ కుడి మారిపోతుంది. రబ్బరు మీద "ఉగాది" చక్కగా చదవగలుగుతున్నారంటే అక్కడే ఆగి, చెరిపి మళ్లీ దించండి.

[దృశ్యం: అతి దగ్గరగా, వి మొన రబ్బరులోకి దిగడం.]

వాయిస్: ఇప్పుడు అసలు పని. చెక్కి తీసేసింది గాడి. మిగిలి నిలబడింది గట్టు. ఇంకు అంటేది గట్టుకే. ఈ గట్టు చెరువు గట్టులా ఉండాలి, పైన సన్నం, కింద వెడల్పు. అలా రావాలంటే గీతకు రెండు వైపులా మొనను బయటికి వాల్చి పట్టుకోవాలి. లోపలికి వాల్చితే గట్టు అడుగు కోసుకుపోతుంది. మొదట్లో బాగానే కనిపిస్తుంది, కొన్ని ముద్రలయ్యాక ఆ గీత పక్కకు ఒరిగి, ముద్రలో రెండు గీతలుగా పడుతుంది. చివరికి తెగిపోతుంది. తెగిన గీతను అతికించలేం.

మొనను నిటారుగా గుచ్చకండి, సుమారు 30 డిగ్రీల వాలులో ముందుకు నెట్టండి. గీత పక్కన ఒక మిల్లీమీటరు లోతు సరిపోతుంది. ఖాళీగా ఉండాల్సిన పెద్ద జాగాలను యు మొనతో 2, 3 మిల్లీమీటర్లు తీయండి. వంపు వచ్చినచోట చేయి తిప్పకండి, రబ్బరును తిప్పండి. మామిడికాయ ముక్కు వంపు నున్నగా రావడానికి ఇంతకు మించిన కిటుకు లేదు. రబ్బరు పట్టుకున్న చేయి ఎప్పుడూ మొన వెనకే ఉండాలి. ముందుంటే, జారిన మొన నేరుగా వేలికే వస్తుంది.

[దృశ్యం: రెండు రకాల "ఉగాది". ఒకటి నల్ల అక్షరాలు, ఒకటి నల్ల పట్టీలో తెల్ల అక్షరాలు.]

వాయిస్: తెలుగు అక్షరాల దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాలి. అక్షరం గట్టుగా నిలవాలంటే చుట్టూ ఉన్నదంతా తీయాలి. తలకట్టు అక్షరాన్ని తాకే చోట, గుడి మొదలయ్యే చోట రబ్బరు సన్నబడి తెగుతుంది. దానికంటే అక్షరాన్నే గాడిగా చెక్కండి. రంగు పట్టీలో తెల్ల అక్షరాలు పడతాయి. మన గుండ్రటి లిపికి వి మొన ఒక్క ఊపులో తిరుగుతుంది, తెగడానికి ఏమీ ఉండదు. కొత్తవాళ్లకు మా సలహా ఇదే. అక్షరం ఎత్తు 12 మిల్లీమీటర్లకు తగ్గించకండి. "శుభాకాంక్షలు" చెక్కాలని మాత్రం పూనుకోకండి. ఆ వత్తులకు ఈ రబ్బరులో చోటు చాలదు. అది చేత్తో రాస్తేనే అందం.

వేపపువ్వుకు అయిదు రేకులు. సెంటీమీటరు ముక్క మీద మధ్యలో చుక్క, చుట్టూ అయిదు రేకులు గట్టులుగా వదిలేయండి.

[దృశ్యం: చిత్తు కాగితం మీద మొదటి ముద్ర. చుట్టూ చిన్న చిన్న గీతలు.]

వాయిస్: పని ముప్పావు వంతు అయ్యాక ఒక ముద్ర వేసి చూడండి. ఇంకా తీయొచ్చు, తీసింది తిరిగి పెట్టలేం. బొమ్మ చుట్టూ ఇలా పిచ్చిగీతలు పడుతున్నాయంటే, గాడుల మధ్య ఎత్తుగా మిగిలిన చోట్లకు ఇంకు అంటుతోందని అర్థం. ఎక్కడ రంగు కనిపిస్తే అక్కడ తీసేయండి.

అచ్చును ప్యాడు మీద నొక్కకండి. ప్యాడునే చేత్తో పట్టుకుని అచ్చు మీద నాలుగైదుసార్లు తడుతూ అద్దండి. నొక్కితే ఇంకు గాడుల్లోకి దిగి సన్న గీతలు పూడిపోతాయి. కార్డు కింద పాత పత్రిక ఒకటి వేసి, అచ్చును నిటారుగా దించి, మూడు క్షణాలు ఒత్తి, నిటారుగానే ఎత్తండి. అటూ ఇటూ ఊపితే అంచులు పడతాయి.

[దృశ్యం: మూడు రకాల కాగితాల మీద ఒకే ముద్ర.]

వాయిస్: ఆఫీసు స్టాంపు ప్యాడులో ఉండేది సాధారణంగా కాగితంలోకి ఇంకిపోయే రంగు. నున్నటి కార్డు మీద బాగుంటుంది, చేతితో చేసిన మెత్తటి కాగితం మీద నారల వెంట పాకి మసకబారుతుంది. ఎండలో వెలుస్తుంది కూడా. పిగ్మెంట్ ఇంకు కాగితం పైనే నిలుస్తుంది, గీత పదునుగా ఉంటుంది, కానీ ఆరడానికి సమయం పడుతుంది. మెరిసే ఆర్ట్ కార్డు మీదైతే గంటల తర్వాత కూడా వేలికి అంటుకోవచ్చు. కార్డులకు మెరుపు లేని 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు) కాగితం, పిగ్మెంట్ ఇంకు మాకు నచ్చిన జోడీ.

మామిడికాయకు రెండు రంగులు కావాలంటే రెండు అచ్చులు కావాలి. పెడనలో కలంకారీ అద్దకానికి వాడే టేకు అచ్చులదీ అదే పద్ధతి, రంగుకో అచ్చు. రెండు రబ్బర్లనూ ఒకే కొలతకు కోయండి. దళసరి అట్టతో ఎల్ ఆకారపు మూల చేసి కార్డు మీద కదలకుండా పెట్టి, రెండు అచ్చులనూ ఆ మూలకే ఆనించి అద్దండి. లేత రంగు ముందు, ముదురు తర్వాత.

[దృశ్యం: ఎ4 కార్డు సగానికి కోయడం, మడత గీత.]

వాయిస్: ఎ4 కాగితాన్ని సగానికి కోస్తే రెండు ముక్కలు. ఒక్కోదాన్ని మడిస్తే 105 బై 148 మిల్లీమీటర్ల కార్డు. మడవడానికి ముందే అద్దండి. మడతచోట, స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా గీత లాగండి. గీతతో వెనకవైపు ఉబ్బిన గట్టు మడత లోపలికి రావాలి. గీత లేకుండా మడిస్తే దళసరి కాగితం మడత వెంట పగులుతుంది.

ట్యాగులకు 5 బై 9 సెంటీమీటర్లు. ఎ4లో పన్నెండు వస్తాయి. వేపపువ్వును కాగితం నిండా చెదురుమదురుగా అద్ది, ఆరాక కోయండి. పువ్వులు అంచు దాటి తెగినట్టు పడి, అచ్చం అద్దకం బట్టలా ఉంటుంది. పై మూలలు రెండూ ఏటవాలుగా కత్తిరించండి. రంధ్రం అంచుకు సెంటీమీటరు కిందకు ఉండాలి, మరీ దగ్గరైతే దారం లాగినప్పుడు చిరుగుతుంది. జనపనార దారం పాతిక సెంటీమీటర్లు.

[దృశ్యం: తడిగుడ్డతో అచ్చు తుడవడం, కాగితంలో చుట్టడం.]

వాయిస్: పని అయిన వెంటనే తడిగుడ్డతో తుడవండి. రంగు మరక మిగిలినా నష్టం లేదు. థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు తగలనివ్వకండి, రబ్బరు కరుగుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో నేరుగా వేయకండి. ఈ తెల్ల రబ్బర్లలో ఎక్కువ భాగం పీవీసీ. అందులో కలిపిన మెత్తబరిచే నూనె నెమ్మదిగా బయటకొచ్చి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, రెండూ అతుక్కుపోతాయి. ఒక్కో అచ్చును విడిగా కాగితంలో చుట్టి, దానిపై ఆ అచ్చుతోనే ఒక ముద్ర వేయండి. వెతికేటప్పుడు విప్పి చూసే పని ఉండదు.