అడగని బదిలీ: చెన్నైలో తెలుగు టీచరు 'సర్‌ప్లస్' ఎలా అవుతారు?

(తెరపై: ఉత్తర చెన్నైలోని ఒక వీధి. బడి గోడ మీద తమిళంలోనూ తెలుగులోనూ రాసిన అక్షరాలు. వ్యాఖ్యానం మొదలవుతుంది.)

నమస్కారం. ఒక ఉపాధ్యాయురాలు బదిలీ కోరుకోలేదు, ఆమెకు పదోన్నతి రాలేదు, ఆమె మీద ఫిర్యాదూ లేదు. అయినా, ఈ బడిలో మీరు అదనంగా ఉన్నారని చెప్పి, మరొక బడిలో చేరమని ఉత్తర్వు చేతికిస్తారు. తమిళనాడు విద్యాశాఖ వాడుకలో దీన్ని 'పణి నిరవల్' అంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సర్దుబాటు అనీ, హేతుబద్ధీకరణ అనీ మనం వింటున్నది దాదాపు ఇదే. చెన్నైలో తెలుగు చెప్పే ఉపాధ్యాయులకూ, తమ పిల్లలను తెలుగు తరగతుల్లో చదివిస్తున్న తల్లిదండ్రులకూ ఈ ప్రక్రియ ఎలా నడుస్తుందో తెలియడం చాలా అవసరం. ఎందుకంటే ఇక్కడ ఒక తెలుగు టీచరు వెళ్లిపోతే ఆ స్థానంలోకి మరొక తెలుగు టీచరు వస్తారన్న భరోసా లేదు.

(తెరపై: ఆగస్టు 1)

అంతా ఈ తేదీతో మొదలవుతుంది. తమిళనాట ఏటా ఆగస్టు 1 నాటికి బడిలో ఉన్న విద్యార్థుల సంఖ్యను ఆధారంగా తీసుకుని, ఆ బడికి ఎందరు ఉపాధ్యాయులు కావాలో నిర్ణయిస్తారు. దీన్నే స్టాఫ్ ఫిక్సేషన్ అంటారు. పిల్లల వివరాలన్నీ ఈఎంఐఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదై ఉంటాయి కాబట్టి లెక్కకు అదే మూలం. మంజూరైన సంఖ్య కన్నా ఎక్కువ మంది ఉన్నారని తేలితే, సాధారణంగా ఆ బడిలో ఆఖరున చేరినవారిని అదనపు ఉపాధ్యాయులుగా గుర్తించి, కౌన్సెలింగుకు పిలిచి, ఖాళీలున్న బడుల్లో ఒకదాన్ని ఎంచుకోమంటారు.

సంఖ్యను నిర్ణయించే ప్రమాణం 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో ఉంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు 60 మంది పిల్లల దాకా ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉండాలని ఆ అనుబంధం చెబుతుంది. ఒక బడిలో 61 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు ఉన్నారనుకుందాం. అద్దె భరించలేక ఒక కుటుంబం ఊరి శివారుకు మారిపోయి, ఆ ఇంటి పిల్లవాడి పేరు బడి రిజిస్టరు నుంచి తీసేస్తే, ముగ్గురిలో ఒకరు లెక్క ప్రకారం అదనమైపోతారు. తరగతులు మాత్రం అయిదూ అలాగే ఉంటాయి.

ఇప్పుడు అదే బడిలో తమిళ మాధ్యమం, తెలుగు మాధ్యమం రెండూ నడుస్తున్నాయనుకుందాం. తమిళంలో చదివేవారు 40 మంది, తెలుగులో చదివేవారు 20 మంది. మొత్తం 60 కాబట్టి బడిని ఒకే ముద్దగా లెక్కిస్తే ఇద్దరు ఉపాధ్యాయులు చాలు. నిజానికి అక్కడ రెండు భాషల్లో అయిదేసి తరగతులు, అంటే పది బృందాల పిల్లలు కూర్చుని ఉన్నారు. ఆ ఇద్దరిలో ఎవరికీ తెలుగు రాకపోతే ఆ 20 మంది పిల్లల సంగతి ఏమిటన్న ప్రశ్నకు ఈ పట్టికలో చోటే లేదు.

(తెరపై: 6, 7, 8 తరగతులు. గణితం–సైన్సు, సాంఘికం, భాషలు)

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రమాణం వేరు. ప్రతి 35 మందికి ఒకరికి తగ్గకుండా, తరగతికి ఒకరికి తగ్గకుండా ఉపాధ్యాయులు ఉండాలి. వారిలో సైన్సు, గణితాలకు కలిపి ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరి. భాషలకు ఒకరు అన్న దగ్గర దయచేసి ఆగి ఆలోచించండి. తమిళం, ఇంగ్లీషు, తెలుగు మూడూ నేర్పవలసిన బడిలో తమిళ ఉపాధ్యాయుడు ఒకరున్నా ఆ కనీస నిబంధన నెరవేరినట్టే లెక్క. తెలుగు పండితులకు ఈ పట్టిక ప్రత్యేకంగా ఏ రక్షణా ఇవ్వడం లేదు. అందువల్ల సంఖ్య తగ్గిన ఏడాది బడి వదలవలసిన వారిలో వారి పేరు సులభంగా చేరుతుంది.

అయితే అదే చట్టంలోని 29వ సెక్షను, సాధ్యమైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటోంది. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం మరింత సూటిగా, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ కృషి చేయాలని చెబుతుంది. నా అభిప్రాయంలో, టీచరు లేని వసతి వసతి కాదు. కాబట్టి స్టాఫ్ ఫిక్సేషన్‌లో బడి మొత్తాన్ని కాకుండా ప్రతి మాధ్యమాన్నీ విడిగా లెక్కించడమే 350ఎ అధికరణానికి న్యాయం చేసే పద్ధతి. వేరే బడిలో టీచరు లేక పిల్లలు ఖాళీగా కూర్చుంటున్నారన్నది నిజమే, వారికి టీచరును పంపవలసిందే. కానీ తెలుగు టీచరును తెలుగు పిల్లలే లేని బడికి పంపితే రెండు చోట్లా నష్టమే జరుగుతుంది.

తెలుగు తరగతుల్లో సంఖ్య ఎందుకు తగ్గుతోందో కూడా చెప్పుకోవాలి. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ భాషాభ్యాస చట్టం చేసి, 2006–07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేసింది. 2015–16 నాటికి అది పదో తరగతికి చేరింది. ఈ నేల మీద పెరిగే పిల్లలు తమిళం బాగా నేర్వాలన్నదానితో నాకు పేచీ లేదు. కానీ తమిళం ఎలాగూ తప్పదు, ఇంగ్లీషు కావాలి, మధ్యలో తెలుగు బరువెందుకని ఎన్నో కుటుంబాలు అనుకున్నాయి. పిల్లలు తగ్గారని టీచరును తీసేస్తారు, టీచరు లేరని మరికొందరు తల్లిదండ్రులు పిల్లలను మాన్పిస్తారు, ఆ తరువాతి ఆగస్టు 1కి సంఖ్య ఇంకా తగ్గుతుంది.

(తెరపై: కార్పొరేషన్ బడి, ఎయిడెడ్ బడి)

ఎవరిని ఎక్కడికి పంపగలరన్నది యాజమాన్యాన్ని బట్టి ఉంటుంది. చెన్నై కార్పొరేషన్ బడుల ఉపాధ్యాయులు కార్పొరేషన్ ఉద్యోగులు కాబట్టి వారి సర్దుబాటు సాధారణంగా ఆ బడుల మధ్యే జరుగుతుంది. ఎయిడెడ్ బడుల్లో నియామకం యాజమాన్యానిది, జీతం ప్రభుత్వానిది. అక్కడ అదనమని తేలినవారిని ముందు అదే యాజమాన్యం నడిపే ఇతర బడుల్లోనూ, తరువాత బయటా సర్దుతారు. భాషా అల్పసంఖ్యాక హోదా ఉన్న బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును తిరిగి పరిశీలించాలా అన్న విషయాన్ని 2025 సెప్టెంబరులో మరొక ధర్మాసనం ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. అందుచేత అటువంటి బడుల్లో పనిచేసేవారు తమకు వర్తించేది రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులేనా అన్నది ముందు తేల్చుకోవాలి.

డిప్యుటేషన్ సంగతి వేరు. పోస్టు ఇక్కడే ఉంటుంది, మనిషి మాత్రం అక్కడ పనిచేస్తారు. కాగితం మీద ఈ బడిలో ఖాళీ లేదు కాబట్టి కొత్తవారు రారు. విద్యాహక్కు చట్టం 25వ సెక్షను ఒక బడిలో నియమితులైన ఉపాధ్యాయులను మరొక బడిలోగానీ కార్యాలయంలోగానీ పనిచేయించకూడదనే చెబుతుంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులకు మాత్రం మినహాయింపు ఉంది. డిప్యుటేషన్ ఉత్తర్వు మీద అభ్యంతరం రాసేటప్పుడు ఈ సెక్షనును తప్పక ప్రస్తావించాలి.

(తెరపై: న్యాయస్థానం)

కోర్టుకు వెళితే ఆగుతుందా అని చాలామంది అడుగుతారు. బదిలీ ఉద్యోగంలో భాగమనీ, ముందు చేరి ఆ తరువాత విన్నపం పెట్టుకోవాలనీ సుప్రీంకోర్టు 1989లో గుజరాత్ విద్యుత్ బోర్డు కేసులో చెప్పింది. చేరడానికి నిరాకరించిన ఆ ఉద్యోగి ఉద్యోగమే పోయింది. 1990 నవంబరులో వచ్చిన శిల్పీ బోస్ తీర్పు ఉపాధ్యాయుల బదిలీలకు సంబంధించినదే. తప్పనిసరి నిబంధనను ఉల్లంఘిస్తే తప్ప, దురుద్దేశం ఉంటే తప్ప కోర్టులు జోక్యం చేసుకోరాదని అందులో ఉంది. శిక్షకు బదులుగా చేసే బదిలీ చెల్లదని 2008లో సోమేశ్ తివారీ కేసు తేల్చింది. అంటే మనసు కష్టపడిందన్న వాదన నిలవదు, లెక్క తప్పిందన్న వాదన నిలవవచ్చు.

కాబట్టి ఉత్తర్వు అందిన రోజే చేతిలో ఉండవలసినవి కాగితాలు. ఆగస్టు 1 నాటి హాజరు, ప్రవేశాల పట్టిక, మాధ్యమం వారీ పిల్లల సంఖ్య, బడిలో చేరిన తేదీల వారీ ఉపాధ్యాయుల జాబితా, కౌన్సెలింగులో చూపిన ఖాళీల జాబితా, వికలాంగులు మొదలైనవారికి ఆ ఏటి మార్గదర్శకాలు ఇచ్చిన మినహాయింపులు. ఇవి ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. చేరిక నివేదికతో పాటే అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవడం మంచిది.

తల్లిదండ్రుల చేతిలోనూ ఒక అధికారం ఉంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి నిర్వహణ కమిటీలో మూడొంతుల కన్నా తక్కువ కాకుండా, అంటే నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. ఎయిడెడ్ బడుల్లో, అల్పసంఖ్యాక బడుల్లో ఆ కమిటీది సలహా పాత్రేనని చట్టంలో రాసి ఉంది. మిగిలిన చోట్ల అది బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేస్తుంది. తెలుగు తరగతిలో ఎందరు పిల్లలున్నారో, వారికి ఎందరు టీచర్లు కావాలో ఆ ప్రణాళికలో స్పష్టంగా రాయించి, తీర్మానం చేసి, జూలై లోపే విద్యాధికారికి అందజేయండి. ఈఎంఐఎస్‌లో మీ పిల్లవాడి మాతృభాష తెలుగు అని నమోదై ఉందో లేదో ప్రధానోపాధ్యాయులను అడిగి సరిచూసుకోండి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల పేర్ల పక్కన తమిళం అని పడి ఉంటే, టీచరు అవసరాన్ని నిరూపించే ఆధారం ఆ లెక్కలో కనబడకుండా పోతుంది.