పాతిక డాలర్ల దగ్గర లేచిన చేతులు

(సంక్రాంతికి మా ఊరి హైస్కూల్లో జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

హెడ్మాస్టరు గారికి, మాకు లెక్కలు చెప్పిన మాస్టారికి, నా బ్యాచ్ వాళ్లకి, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకి నమస్కారం.

అమెరికా గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద దేశం గురించి నాకు తెలిసింది తక్కువ. నేనుండేది సియాటిల్ పక్కన ఒక ఊళ్లో. మా అమ్మాయి అక్కడి గవర్నమెంటు బళ్లో చదువుతోంది. పోయిన మార్చిలో ఆ బడి కోసం ఒక శనివారం రాత్రి వేలంపాట పెట్టారు. నేనూ, నా స్నేహితురాళ్లు ముగ్గురూ కలిసి వెళ్లాం. ఆ రాత్రి సంగతే చెబుతాను, ఎందుకంటే దానితో ఇక్కడ నాకొక పని ఉంది.

అమెరికాలో గవర్నమెంటు బడికి చందాలేమిటమ్మా అని మా నాన్న కూడా అడిగారు. అక్కడ బళ్లకి వచ్చే డబ్బులో నూటికి తొంభై వంతుల దాకా రాష్ట్రమూ, స్థానిక పన్నులూ ఇచ్చేదే. ఆ స్థానిక పన్నుల్లో ఎక్కువ భాగం ఇంటిపన్ను. టీచర్ల జీతాలు, బిల్డింగు, బస్సు దాంతో గడిచిపోతాయి. బొమ్మలు వేయించే టీచరు, వాయిద్యాలు, లైబ్రరీకి కొత్త పుస్తకాలు, పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లే ఖర్చు, ఇలాంటివి చాలాచోట్ల తల్లిదండ్రుల సంఘం మీద పడతాయి. దాన్ని పీటీఏ అంటారు. 1897లో వాషింగ్టన్ నగరంలో ఆలిస్ బర్నీ, ఫీబీ హర్స్ట్ అనే ఇద్దరు ఆడవాళ్లు పెట్టిన తల్లుల మహాసభలోంచి పుట్టింది.

పాట మార్చిలో అయినా పని దసరా నాటికే మొదలవుతుంది. తల్లులు కొట్టు కొట్టుకీ తిరిగి అడుగుతారు. మంగలి షాపాయన అయిదు కటింగులు రాసిచ్చాడు. బేకరీ ఆవిడ పన్నెండు నెలలకి పన్నెండు కేకులు ఇస్తానంది. హెడ్మాస్టరు ఒకరోజు తన కుర్చీని పాటకి పెట్టారు. ఎవరు పాడుకుంటే వాళ్ల పిల్లాడు ఆ రోజుకి హెడ్మాస్టరు. మాలో పెద్దావిడది గుంటూరు, మేమందరం అక్కా అని పిలుస్తాం. ఆవిడ పదిమందికి అరిటాకు భోజనం రాయించింది. అరిటాకులు అక్కడ గడ్డకట్టించి అమ్ముతారు, తెచ్చి కరిగించుకోవాలి. ఇంకో అమ్మాయిది వరంగల్. మా నాలుగో స్నేహితురాలిది మెక్సికో, రాత్రిళ్లు ఆఫీసులు శుభ్రం చేసే పని. టికెట్టు కొనలేనంటే, ఈ బల్ల మాది, నువ్వు మా బల్ల మనిషివి అని అక్క లాక్కొచ్చింది.

స్కూలు జిమ్ములోనే పాట. మొదట గోడల వెంబడి బల్లల మీద వస్తువులు పెట్టి, ఫోన్లో అంకె వేసుకోమంటారు. నోరు మెదపక్కర్లేదు. మనని దాటి ఎవరైనా పాడితే ఫోను కుయ్యిమంటుంది. ప్రతి వస్తువు పక్కనా అసలు ఖరీదు రాసి ఉంటుంది. అలా ఎందుకంటే, మూడువందల డాలర్ల వస్తువుని అయిదువందలకి పాడుకుంటే పన్ను మినహాయింపు పైన ఇచ్చిన రెండువందలకే. నాకు ఈ లెక్క నచ్చింది. కొన్నది కొన్నదే, ఇచ్చింది ఇచ్చిందే.

భోజనాలయ్యాక పెద్దపాట. మన దగ్గర 'ఒకటోసారి, రెండోసారి' అన్నట్టే అక్కడా ఒకాయన గొంతు చించుకుంటాడు. మా అమ్మాయి క్లాసు పిల్లలు ఇరవై నలుగురు చేతులకి రంగు పూసుకుని గుడ్డముక్కల మీద అద్దితే, వాటిని కలిపి ఒక బొంత కుట్టారు. మా అమ్మాయి చెయ్యి పసుపురంగు. చిటికెనవేలు సరిగా అంటక విడిగా చుక్కలా పడింది. ఆ చుక్క చూశాక నాకు బొంత వదలబుద్ధి కాలేదు. ఒక్కదాన్నే అయితే నాలుగువందల దగ్గర ఆగిపోయేదాన్ని. బల్ల కింద నుంచి అక్క మోకాలు తట్టింది, వరంగల్ అమ్మాయి తలూపింది. కలిసి ఆరువందల యాభైకి పాడాం. పాట మా బల్ల పేరున కొట్టేశారు. ఇప్పుడు ఆ బొంత మూడు నెలలకో ఇల్లు మారుతుంది. మెక్సికో ఆవిడ ఇంటికీ వెళ్తుంది, ఆవిడ కూతురి చెయ్యి నీలంరంగు.

ఇక నేను చెప్పాలనుకున్నది దీని తర్వాత జరిగింది. వస్తువులన్నీ అయిపోయాక, ఏమీ తీసుకోకుండా ఊరికే ఇచ్చే పాట. ఆ ఏడు లైబ్రరీ కోసం అన్నారు. అయిదువేలు ఇచ్చేవాళ్లు నంబరు అట్ట ఎత్తండి అని మొదలుపెట్టి, వెయ్యి, అయిదువందలు, వంద అంటూ దిగుతూ వస్తారు. మన పెళ్లిళ్లలో చదివింపులు మైకులో చదువుతారు చూడండి, అక్కడ వెయ్యినూటపదహార్ల వెనక యాభై రాయించాల్సిన మనిషి పుస్తకం దాకా రాకుండానే వెళ్లిపోవడం నేను చూశాను. మా చిన్నత్తే అలా వెళ్లిపోయింది. ఇక్కడ చివరి అంకె పాతిక డాలర్లు. ఇందాక ఎత్తినవాళ్లు కూడా మళ్లీ ఎత్తండి అన్నాడాయన. జిమ్ము మొత్తం అట్టలు లేచాయి. పక్కనున్న మా మెక్సికో స్నేహితురాలి చెయ్యి అందరికన్నా ముందు లేచింది, నంబర్లు రాసుకునే పిల్లలు మా బల్ల దాకా వచ్చేవరకూ దించలేదు. వెయ్యి ఇచ్చినాయన చేతికీ ఈ చేతికీ అప్పుడు తేడా తెలియలేదు.

నాకు బాధ కలిగించేదీ ఒకటుంది. మా బడికి పది మైళ్ల దూరంలో ఇంకో బడి ఉంది. అక్కడ వేలంపాట లేదు. అమ్మానాన్నలు శనివారం రాత్రి కూడా డ్యూటీల్లో ఉంటారు. ఉన్నచోటికే ఇంకా చేరుతుంది డబ్బు. ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో చాలా ఏళ్లు ఒక నియమం ఉండేది. బడి కోసం తల్లిదండ్రులు పోగుచేసి టీచర్లని పెట్టుకునే డబ్బులో మొదటి పదివేల డాలర్లు పోను, మిగిలినదాంట్లో మూడోవంతు మిగతా బళ్ల కోసం ఉమ్మడి నిధిలో వెయ్యాలి. దాని మీద గొడవలు పడ్డారు, చివరికి ఆ పద్ధతే మార్చేశారు. నా మటుకు నాకు మూడోవంతే న్యాయం.

వేలంపాట మనకి కొత్త కాదు. బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలు పలికింది, 2024లో 30 లక్షల పైన. ఆ డబ్బు ఊరి పనులకి వాడుతున్నారు. పాట పాడటం మనకి వచ్చు, ఊరికోసం పాడటమూ వచ్చు.

కాబట్టి ఈ సాయంత్రం ఒకటి చేద్దాం. మన లైబ్రరీ గదికి నాలుగు బీరువాలు, రెండు బల్లలు కావాలని హెడ్మాస్టరు గారు చెప్పారు. వచ్చినదాంట్లో మూడోవంతు శివారు పేటలోని ఎలిమెంటరీ స్కూలుకి. ఊరికే ఇచ్చే పాట పదివేల నుంచి మొదలై యాభై దగ్గర ఆగుతుంది. పేర్లు మైకులో చదవం. లెక్క మాత్రం రేపు నోటీసు బోర్డు మీద ఉంటుంది. యాభై దగ్గర మాత్రం అందరూ చెయ్యి ఎత్తాలి, పదివేలు ఇచ్చినవాళ్లు కూడా. మా చిన్నత్త ఆ వేపచెట్టు కింద కూర్చుంది, ఆవిడ చూడాలి.

దానికి ముందు వస్తువులు. పదో తరగతి పిల్లలు వేసిన మన బడి బొమ్మ ఉంది. మాస్టారు మనకి లెక్కలు దిద్దిన ఎర్రసిరా పెన్ను ఇచ్చారు. మా అమ్మ జాడీడు ఆవకాయ పంపింది. ముందు ఆవకాయ. సర్కారువారి పాట వంద రూపాయలు...