టెర్మినల్‌లోనే ఫైలు వెతికి తెరవడం: ఎఫ్‌డీ, ఎఫ్‌జెడ్‌ఎఫ్ రివ్యూ, తెలుగు పేర్లున్న ఫైళ్లతో సహా

నమస్కారం అండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా ఫైళ్లు. అందులో పోయిన నెల దించుకున్న ఒక జీవో పీడీఎఫ్ కావాలి, పేరు సగమే గుర్తుంది. ఫైల్ మేనేజర్‌లో పైకీ కిందకీ జరుపుతూ కూర్చోకుండా, టెర్మినల్‌లోనే, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలోనే, దాన్ని పట్టుకుని అక్కడి నుంచే తెరిచే టూల్స్ ఇవాళ చూద్దాం. ఉబుంటు 24.04 మీద చూపిస్తున్నాను. డెబియన్, మింట్ వాడేవాళ్లకూ దాదాపు ఇదే వరస.

ముందు పాతవి రెండు. ఫైండ్ దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. హైఫన్ నేమ్ అని ఇస్తే ఇంగ్లీషు పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకుంటుంది, కాబట్టి హైఫన్ ఐనేమ్ వాడండి. ‘నక్షత్రం చుక్క పీడీఎఫ్’ లాంటి, నక్షత్రం గుర్తున్న మాటను తప్పకుండా కోట్స్‌లో పెట్టండి. పెట్టకపోతే ఫైండ్ చేతికి అందేలోపే షెల్, అంటే మీ కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం, ఆ నక్షత్రాన్ని విప్పి అక్కడున్న ఫైళ్ల పేర్లుగా మార్చేస్తుంది. మీరున్న ఫోల్డర్‌లో ఒకే పీడీఎఫ్ ఉంటే ఫైండ్ ఆ ఒక్క పేరునే వెతుకుతుంది, మిగతా ఫోల్డర్లలోవి బయటపడవు. రెండో మూడో ఉంటే ఎర్రర్ కొడుతుంది. ఎర్రర్ వస్తే నయమే, తప్పు తెలుస్తుంది. మొదటి రకమే ప్రమాదం, ఫైలు లేదనుకుని వదిలేస్తారు.

రెండోది లొకేట్. ఉబుంటులో పీలొకేట్ అనే ప్యాకేజీగా వస్తుంది. చాలా వేగం, ఎందుకంటే అది డిస్కును వెతకదు, ముందే రాసిపెట్టుకున్న జాబితాను చూస్తుంది. ఆ జాబితా రోజుకొకసారి తయారవుతుంది. ఇప్పుడే దించుకున్న ఫైలు అందులో ఉండదు, సుడో అప్‌డేట్‌డీబీ కొట్టాకే కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లోవి అయితే అప్పటికీ కనిపించవు. అవి మౌంట్ అయ్యే మీడియా ఫోల్డర్‌ను వదిలేయమని సెట్టింగుల్లోనే రాసి ఉంటుంది.

ఇక అసలు సంగతికొద్దాం. ఎఫ్‌డీ. ఫైండ్‌లాగే ఫైళ్ల పేర్లు వెతికేది, డేవిడ్ పీటర్ రస్ట్ భాషలో రాసిన టూల్. ఉబుంటులో ప్యాకేజీ పేరు ఎఫ్‌డీ హైఫన్ ఫైండ్, కానీ నడిపే కమాండ్ పేరు ఎఫ్‌డీఫైండ్. ఎఫ్‌డీ అన్న పేరును అప్పటికే వేరే ప్యాకేజీ తీసుకుంది. చాలామంది ఇన్‌స్టాల్ చేసి ఎఫ్‌డీ అని కొట్టి, కమాండ్ నాట్ ఫౌండ్ అని చూసి ఆగిపోయేది ఇక్కడే.

వాడకం తేలిక. ఎఫ్‌డీఫైండ్, హైఫన్ ఈ పీడీఎఫ్, తర్వాత వెతికే మాట, చివర ఫోల్డర్. మాట ముందు, చోటు తర్వాత. ఫైండ్‌లో దీనికి తిరగేసి ఉంటుంది, అందుకే చేతులు తడబడతాయి. మాట లేకుండా అన్ని పీడీఎఫ్‌లూ కావాలంటే మాట స్థానంలో ఒక చుక్క పెట్టండి. రెండు వారాల్లో మారినవే కావాలంటే డబుల్ హైఫన్ ఛేంజ్‌డ్ హైఫన్ విత్‌ఇన్ అని రాసి, పక్కన 2వీక్స్ అనండి. పీడీఎఫ్ పేరు గుర్తులేనప్పుడు నా దృష్టిలో దీన్ని మించిన ఆప్షన్ లేదు.

దీనిలో ఒక మెలిక ఉంది. పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డర్లను, గిట్ ఇగ్నోర్‌లో, అంటే ప్రోగ్రామర్లు పట్టించుకోవద్దని రాసుకునే జాబితాలో, ఉన్న ఫైళ్లను ఎఫ్‌డీ చెప్పకుండా వదిలేస్తుంది. ఫ్లాట్‌ప్యాక్ అనే పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసిన అప్లికేషన్లు తమ ఫైళ్లను దాచుకునే చోటు చుక్క వార్ ఫోల్డర్, అదీ ఈ కోవలోదే. దొరకలేదని నిర్ధారించుకునే ముందు చిన్న యూ ఆప్షన్ తగిలించి మరోసారి నడపండి, అన్నీ వెతుకుతుంది.

ఇప్పుడు ఎఫ్‌జెడ్‌ఎఫ్. 2013 నుంచీ ఉంది, రాసింది జునెగున్ చోయ్. ఇది తనంతట తాను మెచ్చుకోదగ్గ వెతుకులాట చేయదు. ఇచ్చిన జాబితాలో మీరు టైపు చేస్తుంటే అక్షరం అక్షరానికీ వడకడుతుంది. ఎఫ్‌డీ ఇచ్చే జాబితాను పైపు గీతతో, అంటే ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి అందించే నిలువు గీతతో, దీనికి కలిపితే చాలు. మాటల మధ్య ఖాళీ ఇస్తే అన్నీ ఉన్నవే మిగులుతాయి, వరస ఎలా ఉన్నా పర్వాలేదు. మాట ముందు ఆశ్చర్యార్థకం పెడితే ఆ మాట ఉన్నవి పోతాయి.

మన తెలుగు పేర్ల దగ్గర దీని విలువ తెలుస్తుంది. స్క్రీన్ మీద చూడండి, ‘హైదరాబాద్ ఇంటి పన్ను రసీదు’ అన్న పేరుతో ఒక ఫైలు. పాత మ్యాక్ డిస్కులో పుట్టిన ఫైలైతే, ‘హై’లోని ఐత్వం ఒకే కోడ్‌గా కాక ఎత్వం, దాని కింద గుర్తు, ఇలా రెండు ముక్కలుగా నిల్వ అయి ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. ఎఫ్‌డీకి మాత్రం వేరు, వెతికితే ఏమీ రాదు. ‘ఆధార్‌కార్డు’ లాంటి మాటలోనూ ఇంతే. ‘ర్’ కింద ‘క’ ఒత్తుగా పడకుండా మధ్యలో కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది, మీ కీబోర్డు అది వేయకపోతే మాట కలవదు.

ఎఫ్‌జెడ్‌ఎఫ్‌లో గుణింతాలు వదిలేయండి. హ, ద, ర, బ, ద. ఖాళీ ఇచ్చి ర, స, ద. అంతే, రసీదు పైకొచ్చింది. మీరిచ్చిన అక్షరాలు అదే క్రమంలో ఉంటే చాలు, మధ్యలో ఏమున్నా అది దాటేస్తుంది. ఐత్వం ఒక ముక్కైనా రెండైనా అడ్డం కాదు. టెర్మినల్‌లో ఒత్తులు విడివిడిగా, చెల్లాచెదురుగా కనిపిస్తే కంగారు పడకండి. చాలా టెర్మినళ్లు తెలుగును సరిగ్గా కూర్చలేవు, ఫైలు పేరు మాత్రం చెడిపోలేదు.

తెరవడానికి ఎక్స్‌డీజీ హైఫన్ ఓపెన్. ఒకసారికి ఒక్క ఫైలే తీసుకుంటుంది, రెండిస్తే ఎర్రర్. పీడీఎఫ్ వెళ్లి బ్రౌజర్‌లో తెరుచుకుంటుంటే తప్పు దీనిది కాదు, డిఫాల్ట్ అప్లికేషన్ అలా ఉంది. ఎక్స్‌డీజీ హైఫన్ మైమ్ కమాండ్‌తో మార్చుకోవచ్చు. మ్యాక్‌లో ఈ పనికి ఓపెన్, వెతకడానికి ఎండీఫైండ్ ఉన్నాయి.

మూడింటినీ కలిపి బ్యాష్ ఆర్‌సీ ఫైలులో, అంటే టెర్మినల్ తెరిచినప్పుడల్లా షెల్ చదివే సెట్టింగుల ఫైలులో, ఒక చిన్న ఫంక్షన్ రాసుకోండి. ఎఫ్‌డీఫైండ్ జాబితా ఎఫ్‌జెడ్‌ఎఫ్‌లోకి, అక్కడ ఎంచుకున్నది ఎఫ్ అనే వేరియబుల్‌లోకి, ఆ తర్వాత రెండు ఆంపర్‌శాండ్‌లు, అప్పుడు ఎక్స్‌డీజీ ఓపెన్. ఆ రెండు గుర్తులు లేకపోతే, ఎస్కేప్ కొట్టి బయటకొచ్చినా ఖాళీ పేరుతో తెరవబోయి ఎర్రర్ ఇస్తుంది. వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ ఉండాలి, లేకపోతే పేరులో ఖాళీలున్న ఫైలు ముక్కలైపోతుంది. ఎక్స్‌డీజీ ఓపెన్ ముందు సెట్‌సిడ్ హైఫన్ ఎఫ్ చేర్చండి, టెర్మినల్ మూసినా పీడీఎఫ్ తెరిచే ఉంటుంది.

పేరు అస్సలు గుర్తులేదు, లోపల ఉన్న మాటే గుర్తుందంటే పీడీఎఫ్‌గ్రెప్. హైఫన్ ఆర్, ఐ, ఎన్ కలిపి ఇస్తే లోపలి ఫోల్డర్లన్నీ వెతికి పేజీ నంబరుతో చూపిస్తుంది. ఆ నంబరు పీడీఎఫ్‌లో ఎన్నో పేజీ అన్నది, కాగితం మీద అచ్చయిన అంకె కాదు.

తెలుగు పీడీఎఫ్‌లో ఏమీ దొరకకపోతే ముందు పీడీఎఫ్‌టుటెక్స్ట్ నడపండి, ఫైలు పేరు తర్వాత ఒక హైఫన్ పెడితే అక్షరాలు తెరమీదకే వస్తాయి. ఏమీ రాకపోతే అది స్కాన్ చేసిన కాగితం. తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే అది అను లాంటి పాత ఫాంట్లతో డీటీపీ చేసింది. తెర మీద తెలుగే అయినా లోపల తెలుగు కోడ్ లేదు, ఏ టూల్‌తో వెతికినా దొరకదు.

రెండింటికీ మందు ఓసీఆర్‌మైపీడీఎఫ్. ఓసీఆర్ అంటే బొమ్మలోని అక్షరాలను చదివి టెక్స్ట్‌గా మార్చడం. దానితో పాటు, ఆ చదివే పని చేసే టెసరాక్ట్ తెలుగు ప్యాకేజీ వేసుకుని, హైఫన్ ఎల్ పక్కన టీఈఎల్ అనివ్వండి. స్కాన్ ఫైలు నేరుగా సాగిపోతుంది. అను ఫాంటుదైతే, పేజీలో ఇప్పటికే అక్షరాలున్నాయని మొరాయించి ఆగిపోతుంది. అప్పుడు డబుల్ హైఫన్ ఫోర్స్ హైఫన్ ఓసీఆర్ చేర్చండి. పేజీలన్నీ బొమ్మలుగా మార్చి చదువుతుంది కాబట్టి ఫైలు సైజు పెరుగుతుంది. అవుట్‌పుట్‌కు వేరే పేరివ్వండి, అసలు ఫైలు చెక్కుచెదరకుండా ఉండనివ్వండి. కొత్త ఫైలు మీద పీడీఎఫ్‌గ్రెప్ మళ్లీ నడపండి. ఒత్తుల దగ్గర ఓసీఆర్ తప్పులు చేస్తుంది గనుక ‘ఉత్తర్వులు’ అని కాకుండా ‘బదిలీ’ లాంటి ఒత్తులేని మాట పట్టుకుని వెతకండి.