గచ్చు నేలకు నీటి రంగు, ఆపై సీలర్

[దృశ్యం: నల్లగొండ శివారులో కొత్త ఇంటి హాలు. బూడిద రంగు సిమెంటు గచ్చు మీద ఒక చెయ్యి చెంచాతో నీళ్లు పోస్తుంది.]

వ్యాఖ్యానం: నమస్కారం. ఈ చెంచాడు నీళ్లను ఒక్క నిమిషం గమనించండి. పోసిన చోట నేల నల్లబడి నీళ్లు లోపలికి ఇంకితే ఈ గచ్చు రంగు పట్టుకుంటుంది. నీళ్లు బొట్లుబొట్లుగా పైనే నిలబడితే మాత్రం నేల మీద నూనెగానీ, పాత పాలిష్‌గానీ, క్యూరింగ్ కోసం కొట్టిన మందుగానీ ఉన్నట్టు లెక్క. అది పోయేదాకా రంగు డబ్బా మూత తీయకండి.

మన జిల్లాల్లో పాత ఇళ్ల నేలలు ఎక్కువగా బండలవి, లేకపోతే ఎర్ర గచ్చువి. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడు పొడిది. గచ్చు పచ్చిగా ఉండగానే సుతారి దాన్ని సిమెంటులో కలిపి తాపీతో రుద్దేవాడు. ఇప్పుడు మనం చూడబోయే నీటి రంగు, అంటే నీళ్లలో కలిపి వాడే డై, గట్టిపడిన నేలకు వేసేది. పెయింటు నేల మీద పొరగా పరుచుకుంటుంది, యాసిడ్ స్టెయిన్ సిమెంటులోని సున్నంతో రసాయన చర్య జరిపి రంగు తేలుతుంది. ఈ డై అయితే అతి సన్నని రంగు రేణువులుగా కాంక్రీటు రంధ్రాల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. ఇది పారదర్శకమైనది కాబట్టి పగుళ్లను, అతుకులను, సిమెంటు మరకలను దాచదు. చాలాసార్లు వాటిని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. బూడిద రంగు నేలను తెల్లగా మార్చడం కూడా దీనివల్ల కాదు.

[దృశ్యం: నేల మీద అద్దంలా మెరిసే ఒక భాగం. దాని మీద ఇసుక కాగితం బిగించిన యంత్రం తిరుగుతుంది.]

వ్యాఖ్యానం: ఇక్కడ ఒక చిక్కుంది. సుతారి ఎంత పనిమంతుడైతే మనకు అంత శ్రమ, ఎందుకంటే పైన సిమెంటు పాలు పోసి తాపీతో నున్నగా రుద్దిన గచ్చులో రంధ్రాలు దాదాపు మూసుకుపోయి ఉంటాయి. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120తో ముగిస్తే ఆ పైపొర విచ్చుకుంటుంది. యాసిడ్‌తో కడిగే పద్ధతి కూడా ఉంది, కానీ ఇంటి లోపల నేను దాన్ని సలహా ఇవ్వను: పొగ ఊపిరితిత్తులకు చెరుపు, పైగా తర్వాత వంట సోడా నీళ్లతో విరుగుడు చేసి పలుమార్లు కడగకపోతే మిగిలిన ఆమ్లం రంగును పాడుచేస్తుంది.

కొత్త గచ్చయితే పోసిన నాటి నుంచి 28 రోజులు ఆగాలి. ఆ తర్వాత కూడా అడుగు నుంచి చెమ్మ వస్తున్నదేమో చూడాలి. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అతికించి, కనీసం 16 గంటల తర్వాత లేపి చూడండి. దాని కింద నీటి బిందువులు కనిపించినా, నేల నల్లబడి ఉన్నా ఇంకొన్నాళ్లు ఆగక తప్పదు.

[దృశ్యం: రెండు గాజు పలకలు. ఒకదానిపై బోరు నీళ్లు, ఇంకొకదానిపై ఫిల్టర్ నీళ్లు ఆరిపోయాయి. మొదటి పలక మీద తెల్లటి పొర.]

వ్యాఖ్యానం: నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడు గుర్తొస్తుంది. గచ్చు పనిలో మనల్ని ఇబ్బంది పెట్టేది మాత్రం బోరు నీళ్ల గట్టిదనం, అంటే వాటిలో కరిగివున్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నా మొదటి ప్రయత్నంలో రంగును బోరు నీళ్లతోనే కలిపాను, నేలను ఆ నీళ్లతోనే కడిగాను. ముదురు గోధుమ రంగు ఆరిన మరునాడు గది మధ్యలో పిండి చల్లినట్టు తెల్లటి చారలు తేలాయి. వాటిని గుర్తించకుండా సీలర్, అంటే రంగు మీద వేసే రక్షణ పూత, కూడా వేసి ఉంటే ఆ తెలుపు అలాగే అడుగున చిక్కుకుపోయేది. అప్పటి నుంచి రంగు కలపడానికీ, చివరి కడుగుడుకూ ఫిల్టర్ నీళ్ల క్యానే వాడుతున్నాను. 12 అడుగుల గదికి రెండు క్యాన్లకు మించి పట్టవు.

[దృశ్యం: తెల్లవారుజాము. గోడల అడుగున టేపు, కాగితం. చేతి పంపు స్ప్రేయర్ గుండ్రంగా కదులుతుంది.]

వ్యాఖ్యానం: మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. వేడెక్కిన నేల మీద పడిన రంగు లోపలికి దిగకముందే ఆరిపోయి, ఒక పట్టీ మీద ఇంకో పట్టీ పడిన గుర్తులు మిగిలిపోతాయి. అందుకే నేల ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటని వేళ, వీలైతే చలికాలపు ఉదయాల్లో పని పెట్టుకోండి. ముందుగా అల్మారా కిందో, తలుపు చాటునో ఒక మూల వేసి చూసుకోండి. తర్వాత లోపలి గోడ నుంచి గుమ్మం వైపు వెనక్కి నడుస్తూ, తడి అంచు ఆరిపోకుండా పలుచగా కొట్టండి. మొదటి పూత పూర్తిగా ఆరాక రెండోది వేయండి. రెండూ ఆరాక తడి గుడ్డతో మెల్లగా తుడిచి, లోపలికి దిగకుండా మిగిలిన పొడిని తీసేయండి. గుడ్డకు రంగు అంటడం ఆగేదాకా తుడవాలి.

ఇక సీలర్. నీటి ఆధారిత అక్రిలిక్ ఇంటి గదులకు సరిపోతుంది. తొలి పూతను రోలరుతో రుద్దితే కింది రంగు కదిలి చారలు పడే అవకాశం ఉంది కాబట్టి దాన్ని స్ప్రేయరుతో మంచులా కొట్టి, రెండో పూతకు మాత్రమే రోలరు పట్టండి. మందంగా పోస్తే బుడగలు, తెల్లదనం వస్తాయి. ఒక మందపు పూత కంటే రెండు పలుచని పూతలు మేలు. బాత్రూముల్లోనూ, మెట్ల మీదా జారకుండా ఉండే పొడి కలుపుకోండి. ఎండ పడే వసారాకు, వాకిలికి ఈ డై అసలు వద్దు, చాలా రకాలు ఎండకు వెలిసిపోతాయి.

[దృశ్యం: పూర్తయిన నేల. మళ్లీ అదే చెంచా, అదే చెయ్యి.]

వ్యాఖ్యానం: ఇప్పుడు నీళ్లు పోస్తే బొట్లుగా నిలవాలి. ఈ నేలను బాత్రూము యాసిడ్‌తో ఎన్నడూ కడగవద్దు, తేలికపాటి సబ్బు నీళ్లు చాలు. ఏడాదికొకసారి గుమ్మం దగ్గర, వంటగది దారిలో ఈ చెంచా పరీక్ష చేయండి. ఎక్కడ నీళ్లు ఇంకి నేల నల్లబడుతుందో అక్కడ సీలర్ అరిగిపోయింది. రంగు జోలికి పోకుండా శుభ్రం చేసి, బాగా ఆరనిచ్చి, పైన ఇంకొక పలుచని పూత వేసుకోండి.