రాము, రాజు ఒక్కరే అంటోంది మన ఆల్గారిథమ్: క్లాసులో డేటా గురించి ఎందుకు చెప్పాలి?

[తెరపై: పక్కపక్కనే రెండు పేర్ల జాబితాలు, రెండూ ఇంగ్లిషు అక్షరాల్లో]

నమస్కారం. రెండు ఆఫీసుల నుంచి రెండు జాబితాలు వచ్చాయి. మొదటి దాంట్లో ఉన్న మనిషి రెండో దాంట్లో కూడా ఉన్నారో లేదో చెప్పాలి. పింఛను లిస్టు కావచ్చు, ఓటర్ల లిస్టు కావచ్చు, ఆస్పత్రి రికార్డులు కావచ్చు, పని మాత్రం ఇదే.

ఆల్గారిథమ్స్, అంటే కంప్యూటర్ ఒక పనిని మెట్టు మెట్టుగా చేసే పద్ధతులు, చదివిన ఏ విద్యార్థినైనా అడగండి, వెంటనే 'ఎడిట్ డిస్టెన్స్' అంటారు. సోవియట్ శాస్త్రవేత్త వ్లదిమిర్ లెవెన్‌స్టీన్ 1965లో ప్రతిపాదించిన కొలత అది. ఒక మాటను ఇంకో మాటగా మార్చాలంటే కనీసం ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసెయ్యాలి, మార్చాలి అన్నదే లెక్క. పెద్ద లెక్కని చిన్న లెక్కలుగా విడగొట్టి, వాటి జవాబులు దాచుకుని వాడే పద్ధతిని డైనమిక్ ప్రోగ్రామింగ్ అంటారు, ఆ పాఠంలో ఇది తప్పకుండా ఉంటుంది. టేబుల్ గీస్తాం, గడులు నింపుతాం, చివరి గడిలో జవాబు వస్తుంది. చాలా అందమైన ఆల్గారిథమ్. నాకు ఎంతో ఇష్టమైన పాఠం కూడా.

ఇప్పుడు దాన్ని మన పేర్ల మీద నడిపి చూద్దాం.

[తెరపై: 8 అడ్డువరుసలు, 6 నిలువువరుసల టేబుల్. గడులు ఒక్కొక్కటిగా నిండుతాయి. చివరి గడిలో 3]

లక్ష్మి. ఒక గుమాస్తా ఎల్-ఎ-కె-ఎస్-హెచ్-ఎం-ఐ అని కొట్టారు. ఇంకొకరు ఎల్-ఎ-ఎక్స్-ఎం-ఐ అని కొట్టారు. మన ఊళ్ళలో రెండూ మామూలే. టేబుల్ నింపితే 'కె' స్థానంలో 'ఎక్స్' పెట్టాలి, 'ఎస్' తీసెయ్యాలి, 'హెచ్' తీసెయ్యాలి. మొత్తం 3.

ఇక రాము, రాజు. ఆర్-ఎ-ఎం-యు, ఆర్-ఎ-జె-యు. ఒక్క అక్షరమే తేడా. అంటే 1.

ఒకే మనిషి పేరు రెండు రకాలుగా రాస్తే దూరం 3 వచ్చింది, ఇద్దరు వేరే మనుషుల మధ్య దూరం 1 వచ్చింది. కోడ్‌లో తప్పేమీ లేదు, టేబుల్ సరిగ్గానే నిండింది. టెస్ట్ కేసులన్నీ పాసవుతాయి.

సరే, 3 దాకా తేడాని ఒప్పుకుందాం అంటారా? అప్పుడు సీత, రామ కూడా ఒక్కరైపోతారు. ఎస్-ఐ-టి-ఎ ని ఆర్-ఎ-ఎం-ఎ చెయ్యడానికి మూడు మార్పులు చాలు. పోనీ, పేరు పొడవుతో భాగిద్దాం అనుకున్నా లక్ష్మి తేడా ఏడులో మూడు, రాము తేడా నాలుగులో ఒకటి. వరుస మారలేదు.

[తెరపై: కోడింగ్ ప్రాబ్లమ్ పేజీ నమూనా. కింద "షరతులు" అన్న భాగం వెలుగుతుంది]

మనం పాఠం చెప్పే పద్ధతిలో లోపం ఇక్కడే ఉందని నా నమ్మకం. ప్లేస్‌మెంట్ల కోసం పిల్లలు వందల ప్రాబ్లమ్స్ సాల్వ్ చేస్తారు. ప్రతి ప్రాబ్లమ్ కింద కన్‌స్ట్రెయింట్స్ అని, అంటే షరతులని, నాలుగు లైన్లు ఉంటాయి. ఎన్ విలువ, అంటే డేటా సైజు, లక్ష దాటదు, అన్నీ చిన్న అక్షరాలే, ఇచ్చిన జాబితా ముందే వరుసలో సార్ట్ అయి ఉంది, ఇలాంటివి. టైమ్ కాంప్లెక్సిటీ, అంటే డేటా పెరిగేకొద్దీ ప్రోగ్రామ్‌కి ఎంత సమయం పడుతుందో, అంచనా వెయ్యడానికి తప్ప వాటిని ఎవరూ చదవరు. నిజానికి ఆ నాలుగు లైన్లు ఎవరో ముందే డేటాని శుభ్రం చేసి ఇచ్చిన హామీ. బయట ఏ ఆఫీసూ ఆ హామీతో ఫైలు పంపదు. ఫైలు తెరిచి, చూసి, ఆ నాలుగు లైన్లు మనమే రాసుకోవాలి. ఆల్గారిథమ్ డిజైన్‌లో అదే మొదటి మెట్టు, దాన్నే మనం సిలబస్‌లోంచి వదిలేశాం.

ఈ సమస్య మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లోనే ఒక పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. దాని నుంచి వచ్చిందే సౌండెక్స్. అక్కడి జనాభా లెక్కల రికార్డుల్లో పేర్లు వెతకడానికి వాడారు. పేరులో మొదటి అక్షరం ఉంచి, మిగతా హల్లులకి శబ్దాన్ని బట్టి అంకెలిచ్చి, మూడంకెలతో ఆపేస్తారు.

[తెరపై: లక్ష్మి రెండు స్పెల్లింగులు. రెండిటి కిందా ఎల్-250]

మన లక్ష్మి రెండు స్పెల్లింగులకీ ఎల్-250 వస్తుంది. భలే కుదిరింది! కానీ వెంకట అని ఇవ్వండి: వి-523. వెంకటేశ్: వి-523. వెంకటేశ్వర్లు, వెంకటరమణ, వీళ్ళకీ అదే. తెలుగు ఊళ్ళో వెంకట అన్న మాటతో మొదలయ్యే పేర్లు ఎన్ని ఉంటాయో చెప్పక్కర్లేదు. మూడంకెలు వాళ్ళ పేర్లకి చాలేవి, మన పొడవాటి పేర్లకి చాలవు.

ఎల్లమ్మ సంగతి ఇంకా ఇబ్బంది. కొందరు 'ఇ'తో మొదలుపెడతారు, కొందరు 'వై'తో. ఒకటి ఇ-450, ఇంకొకటి వై-450. మొదటి అక్షరమే వేరు కాబట్టి రెండూ కలవవు.

కలవకపోవడం ఎంత నష్టమో చూడండి. లక్ష పేర్లున్న జాబితాలో ప్రతి పేరునీ మిగతా అన్నిటితో పోల్చాలంటే దాదాపు 500 కోట్ల జతలు అవుతాయి. అంత పని ఎవరూ చెయ్యరు. పేర్లని ముందు గుంపులుగా విడగొట్టి, ఒకే గుంపులో ఉన్నవాటినే పోలుస్తారు. దీన్ని బ్లాకింగ్ అంటారు. మొదటి అక్షరంతో విడగొడితే వేగం బాగా పెరుగుతుంది, కానీ ఇద్దరు ఎల్లమ్మలూ చెరో గుంపులో పడతారు. ఆ తర్వాత ఎంత గొప్ప ఆల్గారిథమ్ నడిపినా వాళ్ళు ఎదురుపడరు. వేగం కోసం తీసుకున్న నిర్ణయం ఒక ముసలమ్మ పింఛను మీద పడింది! అందుకే ఊరు, పుట్టిన సంవత్సరం లాంటి వేరే ఆధారంతో మళ్ళీ ఒకసారి గుంపులు కట్టి చూడాలి. అసలు పుట్టిన తేదీ తెలియనివాళ్ళకి జనవరి 1 అని రాసేసే అలవాటు ఉందని కూడా గుర్తుంచుకోవాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుందనీ మర్చిపోకూడదు.

మరి ఏం చెయ్యాలి? పోల్చే ముందే స్పెల్లింగులని ఒక దారికి తేవాలి. 'ఎక్స్' కనిపిస్తే 'కె-ఎస్-హెచ్' చెయ్యండి, 'టి-హెచ్'ని 'టి' చెయ్యండి, రెండు 'ఇ'లని ఒక 'ఐ' చెయ్యండి. ఇప్పుడు అదే ఎడిట్ డిస్టెన్స్ నడిపితే లక్ష్మికీ లక్ష్మికీ మధ్య దూరం 0. ఎస్-ఐ-టి-ఎ, ఎస్-ఇ-ఇ-టి-హెచ్-ఎ అని రాసిన రెండు సీతలు కూడా కలుస్తారు. ఆల్గారిథమ్ మారలేదు. తెలుగు పేర్లని ఇంగ్లిషులో ఎలా రాస్తామో తెలిసిన మనిషి మధ్యలో కూర్చున్నారు, అంతే.

[తెరపై: తెలుగు లిపిలో "రమ", "రామ". రెండిటి నుంచీ బాణాలు ఒకే ఇంగ్లిషు స్పెల్లింగు మీదికి]

దీనికీ ఒక హద్దు ఉంది. రమ, రామ. ఇంగ్లిషులో రెండూ ఆర్-ఎ-ఎం-ఎ. దీర్ఘం రాసేటప్పుడే పోయింది. పోయినదాన్ని ఏ ఆల్గారిథమూ తిరిగి తేలేదు. దీనికి మందు ఫారంలో ఉంది: తెలుగులో పేరు రాసే గడి ఒకటి పెట్టి, దాన్ని అలాగే దాచాలి.

పాఠం చెప్పే మాస్టార్లకి, మేడమ్‌లకి నాదో విన్నపం. ఎడిట్ డిస్టెన్స్ అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడు శుభ్రమైన రెండు మాటలు ఇవ్వకండి. మీరే తయారుచేసిన ఒక 200 పేర్ల ఫైలు ఇవ్వండి, అందులో లక్ష్ములు, ఎల్లమ్మలు, వెంకటేశ్వర్లు అన్ని స్పెల్లింగుల్లో ఉండాలి. నిజమైన మనుషుల వివరాలు మాత్రం వాడొద్దు. కోడ్ రాయకముందే, ఈ ఫైలు గురించి దేన్ని నమ్మొచ్చో, దేన్ని నమ్మకూడదో ఒక పేజీ రాయమనండి. ఆ పేజీకీ మార్కులు వెయ్యండి.

ఇంకొకటి. పిల్లలు రాసే ఫంక్షన్ అవును, కాదు అని రెండే జవాబులిస్తుంది. కెనడా గణాంక శాఖలో పనిచేసిన ఐవన్ ఫెలెగీ, అలన్ సంటర్ 1969లో రికార్డులు జతపరిచే సిద్ధాంతం రాసినప్పుడే మూడు జవాబులు పెట్టారు: ఒక్కరే, వేరు, తేల్చలేం. ఆ మూడో రకం జతల్ని మనిషి కూర్చుని చూస్తాడు. అసైన్‌మెంట్‌లో ఆ మూడో జవాబు కూడా అడగండి. ఎన్ని జతలు అందులో పడ్డాయో, ఎందుకు పడ్డాయో పిల్లల చేతే చెప్పించండి.